ఒనకఢిల్లీ సంతకు పిల్లల్ని తీసుకెళ్ళాలంటే

ఒక్క రోజులో వెళ్ళి వచ్చేలా పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలని తోటి టీచర్లు అడిగితే నేను ముందు ఒకటే అడుగుతాను: గురువారం మీ బడికి సెలవు దొరుకుతుందా? ఒడిశాలో, మా కొరాపుట్ జిల్లాలోని ఒనకఢిల్లీ సంత గురువారమే జరుగుతుంది. మిగతా రోజుల్లో వెళ్తే దగ్గర్లోని డుడుమ జలపాతం ఒక్కటే చూసి రావాలి. అది చాలా అందమైన చోటే కానీ, మా పిల్లలు ఇంటికి తెచ్చుకున్న మాటలన్నీ సంతలోవే. అందుకే ఆదివారాలు వద్దని, గురువారం కోసం హెడ్మాస్టరుగారిని ఒప్పించుకుంటాను. ఆ బదులు ఒక ఆదివారం క్లాసులు పెట్టుకుంటాం.

మా బడి కొరాపుట్ జిల్లా జైపూరులో. నేను సోషల్ చెబుతాను. మా తాతగారు సాలూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. అప్పటికి ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యాక మేం ఇక్కడే ఉండిపోయాం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతకు వెళ్తే దేశియా అనే ఇక్కడి వాడుక భాష. మా క్లాసులో సగం మంది పిల్లలు ఇలాంటి ఇళ్ళ నుంచే వస్తారు. వాళ్ళు విశాఖ బీచ్ చూశారు, భువనేశ్వర్ జూ చూశారు. రెండున్నర గంటల దూరంలో, తమ జిల్లాలోనే, తాము ఒక్క ముక్క కూడా వినని భాషలు మాట్లాడే మనుషులు ప్రతి వారం కూరగాయలు అమ్ముకుని వెళ్తారని వాళ్ళకు తెలియదు. వేరే దేశానికి వెళ్తే ఎంత కొత్తగా ఉంటుందో అంత కొత్త అక్కడ ఉంది. పాస్‌పోర్టు అక్కర్లేదు.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు ముందే చెప్తాను, మీరు చెయ్యకుండా. ముందు జలపాతం, తర్వాత సంత అని పెట్టుకున్నాను. డుడుమ దగ్గర పిల్లలు కదలరు కదా. సంతకు చేరేసరికి ఒంటిగంటన్నర దాటింది. కొండ మీద నుంచి దిగి వచ్చిన వాళ్ళు అప్పటికే బుట్టలు సర్దుకుంటున్నారు, చీకటి పడకుండా మళ్ళీ కొండ ఎక్కాలి కాబట్టి. ఉన్న కాస్త సమయంలో మా పిల్లలు ఏం కొనలేదు. ఏం కొనాలో, ఎలా అడగాలో నేను చెప్పి తీసుకెళ్ళలేదు. చేతుల్లో ఫోన్లు మాత్రం ఉన్నాయి. బొండా తెగ ముసలమ్మ ఒకామె అరటి గెల పక్కన కూర్చుని ఉంటే ఆరుగురు చుట్టూ చేరి ఫోటోలు మొదలుపెట్టారు. ఆమె ఏమీ అనలేదు. అరిచెయ్యి అడ్డం పెట్టుకుని ముఖం పక్కకు తిప్పుకుంది. వాళ్ళు వెళ్ళేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. నేను పరుగెత్తుకు వెళ్ళి పిల్లల్ని లాక్కొచ్చాను కానీ జరగాల్సింది జరిగిపోయింది. పిల్లల్ని తిట్టి లాభం లేదు, తప్పు నాది.

అప్పటి నుంచి మా బడి నియమం ఒకటే: సంతకు చూడ్డానికి వెళ్ళం, కొనడానికి వెళ్తాం. కొనేవాళ్ళకు సంతలో చోటుంటుంది. వేడుక చూసేవాళ్ళు దారికి అడ్డం. మిగతా ఏర్పాట్లన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే చేసుకుంటాను.

కాలం సంగతి. కార్తీకం నుంచి మాఘం దాకా మంచిది, అంటే నవంబరు నుంచి ఫిబ్రవరి. వానల్లో జలపాతం బాగా ఉరకలేస్తుంది, నిజమే. కానీ ఘాట్ రోడ్డు మీద పిల్లల బస్సుతో ఆ సాహసం వద్దు. నవంబరులో అయితే నీళ్ళు ఇంకా బాగానే ఉంటాయి, దారి ఆరి ఉంటుంది, పొలాల గట్ల మీద వలిసె పూలు పసుపుపచ్చగా ఉంటాయి. పుష్య మాసంలో పుష్ పరబ్ పండగకు ముందు వచ్చే గురువారం సంత కిక్కిరిసిపోతుంది. పెద్దవాళ్ళయితే ఆ వారం వెళ్ళండి. ముప్పై మంది పిల్లలతో మాత్రం వద్దు, ఒక్కసారి చెయ్యి వదిలితే వెతుక్కోవడానికి గంట పడుతుంది. చైత్రంలో చైత్ పరబ్ రోజుల్లోనూ ఊళ్ళన్నీ పండగలో ఉంటాయి, సంత ఎలా ఉంటుందో ముందుగా అక్కడివాళ్ళను అడిగి వెళ్ళాలి.

ఉదయం అయిదున్నరకు బస్సు కదలాలి. అయిదున్నర అంటే అయిదున్నరే. జైపూరు నుంచి లమతాపుట్ మీదుగా వెళ్తే ఎనిమిది, ఎనిమిదింపావుకు ఒనకఢిల్లీ. ఇంత పెందలాడే ఎందుకంటే సంతకు దాని వేళలు దానికుంటాయి. వ్యాపారస్తులు పొద్దున్నే వ్యాన్లలో వచ్చి ప్లాస్టిక్ సామాన్లు, బట్టలు, ఉప్పు, ఎండు చేపలు పరుచుకుంటారు. దగ్గర ఊళ్ళ గదబ, పరజ తెగలవాళ్ళు తొమ్మిదికల్లా వస్తారు. బొండాలు మల్కన్‌గిరి జిల్లా వైపు కొండల నుంచి దిగాలి. వాళ్ళు వచ్చేసరికి తొమ్మిదిన్నర, పది అవుతుంది. ఆంధ్రా వైపు ముంచంగిపుట్టు ఊళ్ళ వాళ్ళూ ఈ సంతకే వస్తారు. పదింటికి సంత నిండుగా ఉంటుంది. పన్నెండు దాటితే పలచబడుతుంది.

ఘాట్ రోడ్డు మీద వాంతుల గురించి. ముందు రోజే ఇళ్ళకు చీటీ పంపుతాను: పొద్దున పూరీలు పెట్టొద్దు, పాలు ఇవ్వొద్దు, రెండు ఇడ్లీలు చాలు. బస్సులో ఉసిరి వరుగు డబ్బా నా దగ్గరే ఉంటుంది. మొదటి మలుపు రాకముందే అందరికీ ఒక్కో ముక్క ఇస్తే చాలామంది తట్టుకుంటారు. కడుపులో తిప్పే పిల్లలు ఎవరో తల్లులకు తెలుసు, చీటీ మీద రాసి పంపమంటాను. వాళ్ళు ముందు సీట్లలో. అయినా కవర్లు ఇరవై తీసుకెళ్ళండి.

ఆడపిల్లల బాత్రూం సంగతి ఎవరూ మాట్లాడరు. మాట్లాడాలి. సంతలో ఆ వసతి ఉంటుందని నమ్ముకోకండి. లమతాపుట్‌లో దిగి, తెలిసిన బడి ఒకటి ముందే ఫోన్ చేసి పెట్టుకుని అక్కడ పదిహేను నిమిషాలు ఆగుతాం. సంత అయ్యాక మళ్ళీ అక్కడి విద్యుత్ ప్రాజెక్టు కాలనీలో తెలిసినవాళ్ళ ఇళ్ళలో ఏర్పాటు. ఈ రెండు చోట్లూ నేను ముందు వారం స్వయంగా వెళ్ళి చూసుకుంటాను. ఈ ఒక్క విషయం సరిగా లేకపోతే ఆడపిల్లలు రోజంతా నీళ్ళు తాగకుండా ఉంటారు. ఒక ఏడాది ఒకమ్మాయి అలాగే ఉండి తిరుగు ప్రయాణంలో తల తిరిగి పడిపోయింది.

ఇప్పుడు వారం ముందు క్లాసులో చెయ్యాల్సిన పని. నా దృష్టిలో యాత్రలో సగం అదే.

మొదటిది, ఎవరిని కలవబోతున్నారో చెప్పడం. బొండాలు తమను తాము రెమో అనుకుంటారు, ఆ మాటకు మనిషి అని అర్థం. 2011 జనాభా లెక్కల్లో వాళ్ళు 12 వేల పైచిలుకు మంది. వాళ్ళ భాషా, గదబల గుతోబ్ భాషా ముండా అనే భాషా కుటుంబానివి. ఒడియాకూ తెలుగుకూ దేనికీ చుట్టం కాదు. అందరూ కలిసే సంతలో మాత్రం దేశియా నడుస్తుంది. పెద్ద బొండా ఆడవాళ్ళు జుట్టు తీసేసి తలకు పూసల దండలు చుట్టుకుంటారు, మెడ నిండా లోహపు కంటెలు వేసుకుంటారు, ఒంటి మీద పూసల దండలే కప్పుగా ఉంటాయి, నడుముకు రింగా అనే చిన్న బట్ట. ఆ బట్ట వాళ్ళే మగ్గం మీద నేసుకుంటారు. కెరంగ్ అనే చెట్టు నార తీసి వడికే పద్ధతి పాతది, ఇప్పుడు కొన్న నూలు కూడా వాడతారు. ఇదంతా క్లాసులో చెప్పేస్తే, అడగాల్సినవి అక్కడే అడిగేస్తే, సంతలో నోరు తెరుచుకుని చూడడం ఉండదు. తొమ్మిదో తరగతి మగపిల్లలతో ఈ మాట సూటిగా మాట్లాడాలి. మొహమాట పడొద్దు. "మీ నాయనమ్మ సంతకు వస్తే ఎవరైనా అలా చూస్తే నీకెలా ఉంటుంది?" అంటే వాళ్ళకు అర్థమవుతుంది.

రెండోది ఫోన్లు. బొండాలూ, దిదాయిలూ ఒడిశాలో ప్రత్యేకంగా గుర్తించిన 13 ఆదిమ తెగల్లో ఉన్నారు. వాళ్ళ ఫోటోలు, వీడియోలు తీయడం మీద ప్రభుత్వ ఆంక్షలు ఉన్నాయి. ఆంక్షలు లేకపోయినా నేను ఒప్పుకోను. ఫోన్లన్నీ బస్సులో ఒక సంచిలో పెట్టి తాళం వేస్తాం. జలపాతం దగ్గర ఇస్తాం. బదులుగా ప్రతి ఒక్కరి చేతికి చిన్న నోటుబుక్కు, పెన్సిలు. అమ్మిన సరుకు బొమ్మ వెయ్యొచ్చు, మనిషి బొమ్మ వెయ్యకూడదు.

మూడోది నాలుగు మాటలు. "జుహార్" అని దణ్ణం. "ఎటా కేతే" అంటే ఇది ఎంత అని ఒడియా. మా పిల్లలకు వచ్చిందే కానీ సిగ్గుపడి నోరు పెగలదు, అందుకని క్లాసులోనే సంత ఆడిస్తాను. బల్లల మీద చింతపండు, చోళ్ళు, పసుపు కొమ్ములు పెట్టి సగం మంది అమ్ముతారు, సగం మంది కొంటారు. కొలతలు కూడా అప్పుడే చూపిస్తాను. సంతలో చాలా సరుకు కాటా మీద కాదు, కొలిచి ఇస్తారు, లేదా కుప్పలుగా పెడతారు. ఒడియాలో మాణ అనే కొలతా, మన మానికా పలకడానికి ఒకేలా ఉంటాయి. మా ఇంట్లో అమ్మమ్మ కాలం నాటి మానిక, సోల, గిద్ద ఉన్నాయి, అవి బడికి తీసుకెళ్తాను. సోలెడు బియ్యం చేత్తో పట్టుకుంటే ఎంత బరువుంటుందో ఈ తరం పిల్లలకు తెలియదు.

డబ్బులు: ఒక్కొక్కరికి వంద రూపాయలు, అన్నీ పది నోట్లు, నాణేలు. ఇది తప్పకుండా చెయ్యండి. నేను ముందు రోజు కిరాణా కొట్టుల్లో తిరిగి మూడు వేల రెండొందల రూపాయల చిల్లర పోగుచేస్తాను. గంప ముందు కూర్చున్న అవ్వకు రెండొందల నోటు ఇస్తే ఆమె దగ్గర చిల్లర ఉండదు, పక్కవాళ్ళను అడుగుతుంది, వాళ్ళూ అడుగుతారు, వెనక నిలబడ్డ కొనేవాళ్ళు వెళ్ళిపోతారు. ఫోన్‌పేలు పెద్ద దుకాణాల దగ్గరే.

ఒక్కొక్కరికి కొనాల్సింది ఒకటి రాసి ఇస్తాను. ఒకరికి చోళ్ళు, ఒకరికి సామలు, ఒకరికి వలిసెలు, అల్లం, పసుపు కొమ్ములు, చింతపండు, కొండచీపురు, మట్టి దాక, అడ్డాకుల కట్ట. షరతు ఏమిటంటే పండించినవాళ్ళ దగ్గరో, చేసినవాళ్ళ దగ్గరో కొనాలి, తెచ్చి అమ్మే షావుకారు దగ్గర కాదు. అది ఎలా తెలుస్తుందని అడుగుతారు. సరుకు తక్కువ ఉంటుంది, ఒకటో రెండో రకాలే ఉంటాయి, నేల మీద గుడ్డ పరుచుకుని కూర్చుంటారు. ఇంకో షరతు, ఆ మనిషిని మూడు సంగతులు అడగాలి: ఏ ఊరు, ఎంత సేపు నడిచి వచ్చారు, ఈ డబ్బుతో ఏం కొనుక్కుని వెళ్తారు. మూడో ప్రశ్నకు వచ్చే జవాబులు ఎక్కువగా ఉప్పు, నూనె, ఎండు చేపలు, సబ్బు. సంత అంటే ఏమిటో నేను ఏడాదంతా చెప్పినా రాని పాఠం ఆ జవాబులో ఉంది. కొండ సరుకు దిగి వస్తుంది, ఉప్పు కొండ ఎక్కుతుంది.

బేరం చెయ్యొచ్చా? పిల్లలు ప్రతి ఏడాదీ అడుగుతారు. రెండేళ్ళ కిందట ఏం జరిగిందంటే, మా తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు, ఇంట్లో కిరాణా కొట్టు ఉన్నవాడు, చోళ్ళు కొనడానికి ఒక గదబ అవ్వ ముందు కూర్చున్నాడు. నేను రెండడుగుల వెనక ఉన్నాను. ఆమె చెవులకు బరువైన కమ్మలు, చెవి తమ్మెలు భుజాల దాకా సాగి ఉన్నాయి. చిన్న వెదురు గంపలో చోళ్ళు, పైన ఒక డబ్బా కొలత. ధర ముప్పై రూపాయలు అని వేళ్ళు చూపించింది. మావాడు అలవాటుగా ఇరవై అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపలేదు, కోప్పడలేదు. గంపలోంచి ఒక గుప్పెడు చోళ్ళు తీసి వాడి అరిచేతిలో పోసింది. వేలితో ఒక్కో గింజా పక్కకు జరుపుతూ చూపించింది. ఒక్క రాయి లేదు, ఒక్క పొట్టు లేదు, ఎర్రగా మెరుస్తున్నాయి. చేట ఆడించినట్టు చేతులు ఊపి చూపించింది, ఎన్నిసార్లు చెరిగిందో చెప్పడానికి. వాడు కొట్టులో పెరిగినవాడు, శుభ్రం చేసిన సరుకు ధర వాడికి తెలుసు. మూడు పది నోట్లు తీసి రెండు చేతులతో ఇచ్చాడు. ఆమె డబ్బా నిండా పోసి, రాశి పైన కూడా నిలబెట్టి, వాడి గుడ్డ సంచిలో ఒంపింది. ఇంకో పిడికెడు తీసి పైన వేసింది. "మిస్, కొసరు ఇచ్చింది!" అని వాడు నా వైపు తిరిగి అరిచాడు. బేరం ఆడకపోయినా కొసరు వచ్చింది.

అప్పటి నుంచి నా జవాబు: షావుకారు దగ్గర బేరం చెయ్యండి, గంప ముందు కూర్చున్నవాళ్ళ దగ్గర చెయ్యొద్దు.

జట్ల సంగతి త్వరగా చెప్తాను. నలుగురేసి పిల్లలు, ప్రతి రెండు జట్లకు ఒక పెద్ద మనిషి. 32 మందికి నలుగురు పెద్దవాళ్ళు, డ్రైవరు కాకుండా. ఫోన్లు లేవు, ఉన్నా సిగ్నల్ నమ్మకం లేదు. కాబట్టి అందరికీ తెలిసేలా ఒక పెద్ద చెట్టు చూసి పెట్టుకుని, పదిన్నరకూ పదకొండున్నరకూ అక్కడ తలలు లెక్కపెడతాం. పెద్దవాళ్ళలో ఒకరికి దేశియా వచ్చి ఉండాలి. మాకు మా బడి ఆయా వస్తుంది, ఆమెది లమతాపుట్ దగ్గర పరజ ఊరు. ఆ రోజు నిజానికి టీచరు ఆమె.

సంతలో ఒక వైపు ఇప్పసారా, జీలుగు కల్లు అమ్ముతారు. కోడిపందేలు జరిగే మూల కూడా ఉంటుంది. దాచిపెట్టొద్దు, ముందే చెప్పండి, ఆ వైపు మనం వెళ్ళం అని. తాగి ఉన్నవాళ్ళు పలకరిస్తే నవ్వి, జుహార్ అని, నడిచి వచ్చేయాలి. ఇన్నేళ్ళలో నాకు ఏ ఇబ్బందీ రాలేదు, కానీ ఆయా కళ్ళు ఎప్పుడూ అటే ఉంటాయి. తినుబండారాల విషయంలో కొంచెం గట్టిగా ఉంటాను: కోసి పెట్టిన పండ్లు, బజ్జీలు వద్దు. ఉడికించిన చిలగడదుంప, వేయించిన సెనగలు తినొచ్చు.

పన్నెండుంపావుకు బస్సెక్కాలి. భోజనం ఇంటి నుంచి తెచ్చిన పులిహోర. పొద్దున నాలుగింటికి కలిపినది మధ్యాహ్నం దాకా పాడవదు, గిన్నెలు అక్కర్లేదు. ప్లేట్లు మాత్రం తీసుకెళ్ళం. సంతలో కొన్న అడ్డాకుల కట్ట విప్పి అందులోనే వడ్డిస్తాం. పచ్చి అడ్డాకు విస్తరిలో పులిహోర వాసన వేరు. తిన్నాక ఆకులు కూడా అక్కడ పారెయ్యకుండా సంచిలో వేసి తెచ్చేస్తాం, పశువులు తినే చోట నూనె కాగితాలు కలిసిపోకూడదు కదా.

డుడుమకు వెళ్ళే దారిలో మాచ్‌ఖండ్ నది గురించి చెప్తాను, బస్సు లోపలే, మైకులో. ఈ నది ఆంధ్రా కొండల్లో పుట్టి, ఈ చుట్టుపక్కల రెండు రాష్ట్రాలకూ హద్దుగా పారి, కిందకు పోయి సీలేరు అవుతుంది. సీలేరు శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అంటే ఇక్కడ పిల్లలు చూసే నీళ్ళు రాజమండ్రి రేవులో స్నానం చేసేవాళ్ళ దాకా పోతాయి. జోలాపుట్ దగ్గర పెద్ద ఆనకట్ట కట్టి నీళ్ళు ఆపారు, జలపాతానికి ఎగువన డుడుమ దగ్గర వాటిని విద్యుత్ కేంద్రం వైపు మళ్ళిస్తారు. 1955లో కరెంటు మొదలైంది. ఇప్పుడు 120 మెగావాట్ల కేంద్రం, రెండు రాష్ట్రాల ఉమ్మడిది, నడిపేది ఏపీ జెన్‌కో. అందుకే ఒడిశాలో ఉన్న ఈ కాలనీలో ఇంటి ముందు ముగ్గులు, గోడల మీద తెలుగు రాతలు కనిపిస్తాయి. కేంద్రం లోయ అడుగున ఉంటుంది, దిగడానికి పట్టాల మీద నడిచే వించ్ ఉంది. పిల్లలకు దాని మీద ఎక్కాలని ఉంటుంది కానీ అది ఉద్యోగుల కోసం. లోపలికి వెళ్ళాలంటే అధికారుల అనుమతి ముందుగా రాతపూర్వకంగా తీసుకోవాలి. ఒక్క రోజులో సంత, జలపాతం, కేంద్రం మూడూ పెట్టుకోకండి. రెండు చాలు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అదీ చెప్తాను. ఆనకట్టల కింద ఊళ్ళు మునిగాయి, గదబలూ పరజలూ పొలాలు వదిలి వెళ్ళారు. పొద్దున సంతలో చోళ్ళు అమ్మిన అవ్వలాంటి వాళ్ళ ముందు తరాల కథ అది. మా ఇంట్లో బల్బు వెలిగితే ఆ నీళ్ళూ, ఆ పొలాలూ రెండూ గుర్తుండాలి. ఇది చెప్పాక బస్సులో కాసేపు ఎవరూ మాట్లాడరు. మాట్లాడించే ప్రయత్నం నేనూ చెయ్యను.

జలపాతం ఎత్తు 150 మీటర్లకు పైనే, అంటే అయిదొందల అడుగులు. మన బడి మూడంతస్తుల మేడను పదిహేనుసార్లు ఒకదాని మీద ఒకటి పెట్టినంత, అని చెప్తే పిల్లలకు బోధపడుతుంది. నీళ్ళు ఎంత ఉంటాయన్నది పైన ఎంత మళ్ళించారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. కొన్ని రోజులు ధారగా, కొన్ని రోజులు తెల్లటి గోడలా. అక్కడ నా నియమాలు తక్కువే కానీ ఒక్కటి కూడా సడలించను. వ్యూపాయింట్ దగ్గరి నుంచే చూడాలి. కింద దాకా దిగే దారి ఉంది, నిటారుగా ఉంటుంది. పెద్దవాళ్ళు నలుగురు వెళ్ళొచ్చు, బడి పిల్లల గుంపు వెళ్ళకూడదు. కమ్మీ ఎక్కకూడదు, కమ్మీకి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోకూడదు. తుంపర పడే చోట రాళ్ళ మీద కంటికి కనిపించని పాచి ఉంటుంది. నది దగ్గర ఎక్కడా నీళ్ళలో దిగకూడదు. ఎగువన గేట్లు ఎత్తితే నీరు పెరుగుతుంది, పిల్లలకు ఆ చప్పుడు తెలియదు. ఇద్దరు పెద్దవాళ్ళు కమ్మీ దగ్గరే నిలబడాలి, వాళ్ళు జలపాతం వైపు కాదు, పిల్లల వైపు చూడాలి. ఆ పని నేనే చేస్తాను, అందుకే ఆరు సార్లు వెళ్ళినా డుడుమను నేను తీరిగ్గా చూసింది తక్కువ.

ఫోన్లు ఇచ్చిన పది నిమిషాల తర్వాత మళ్ళీ తీసుకుని, అయిదు నిమిషాలు అందరినీ కళ్ళు మూసుకుని కూర్చోమంటాను. నీళ్ళ హోరు కింది లోయలోంచి వస్తుంది, పై నుంచి కాదు. ఆ తేడా కళ్ళు తెరిచి ఉంటే తెలియదు. ఒకసారి ఒక అమ్మాయి నోటుబుక్కులో "నేల లోపల బస్సు పోతున్నట్టు ఉంది" అని రాసింది.

మూడింటికి తిరుగు ప్రయాణం. చలికాలంలో అయిదున్నరకే చీకటి, ఘాట్ దిగేసరికి వెలుతురు ఉండాలి. స్వెట్టర్లు పొద్దున వేసుకుని మధ్యాహ్నం బస్సులో వదిలేసి ఉంటారు, ఇప్పుడు వెతికి వేయించండి. సిగ్నల్ అందగానే ఒక టీచరు పేరెంట్స్ గ్రూపులో మెసేజ్ పెట్టాలి: అందరూ క్షేమం, ఇన్నింటికి చేరతాం. అది ఆలస్యమైతే ఇళ్ళలో టెన్షన్, మర్నాటి నుంచి యాత్రలకు ఎవరూ పంపరు.

మర్నాడు శుక్రవారం. కొన్నవన్నీ క్లాసులో బల్ల మీద పెట్టిస్తాను. నల్లబల్ల మీద పటం గీస్తాం: మధ్యలో సంత, చుట్టూ పిల్లలు విన్న ఊళ్ళ పేర్లు, ఎంతసేపు నడిచి వచ్చారో దాన్ని బట్టి దూరంగానో దగ్గరగానో. దాని మీద బాణాలు, ఏ ఊరి నుంచి ఏ సరుకు దిగింది, ఏం ఎక్కింది. పక్కన లెక్కలు: కొలతకు ఎంత పడింది, అదే సరుకు జైపూరు బజారులో ఎంత. కిరాణా కొట్టు అబ్బాయి ఆ లెక్క వేశాడు, వాళ్ళ నాన్న అమ్మే ధర కూడా తానే పటం మీద రాశాడు.

చివరికి చోళ్ళు. మేం మరలో ఆడించి, ముందు రోజు రాత్రే పిండి నీళ్ళలో కలిపి పులియబెట్టమని ఆయాకు ఇస్తాం, శనివారం పొద్దున ఆమె పెద్ద దాకలో గంజి మరిగించి అందులో పోసి, ఉండ కట్టకుండా కలుపుతూ అంబలి కాస్తుంది. చల్లారాక ఉప్పు, ఒక పచ్చిమిరపకాయ, ఒక ఉల్లిపాయ. ఒడియా పిల్లలు మాండియా పేజ్ అంటారు, తెలుగు పిల్లలు అంబలి అంటారు. సంతలో కొన్న ఆ మట్టి దాకలోనే కాయాలి. మొదటిసారి వాడే ముందు దాన్ని ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టండి, లేకపోతే పొయ్యి మీద పగులుతుంది.